క్యారమ్ బోర్డు డైరీ: చెన్నై వేళచ్చేరి బాల్కనీలో 42 గంటలు

ఇల్లు, ఆఫీసు, బడికెళ్ళే పిల్ల, పెద్దవాళ్ళ మందులు అన్నీ చూసుకుంటూ, చేత్తో ఏదైనా చెయ్యాలనీ, స్నేహితులతో ఆడుకోవాలనీ ఉన్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. బోర్డు చేసుకోవాలనుకునేవాళ్ళు కొలతలు తీసుకోండి. వేళ చిక్కనివాళ్ళు వేళల లెక్క చూడండి. నా తప్పుల్లో ఎక్కువ భాగం ఆ లెక్కలోనే జరిగాయి.

మేం నలుగురం. నేను నెల్లూరు నుంచి, మిగతా ముగ్గురూ చెన్నైలోనే పుట్టి పెరిగిన తెలుగువాళ్ళు: అంబత్తూరు అక్క, పెరంబూరు చెల్లి, ఒక టీచరు స్నేహితురాలు. ప్రతి నెలా మొదటి ఆదివారం మా ఇంట్లో క్యారమ్స్ ఆడేవాళ్ళం. పాత బోర్డు వాన నీళ్ళకి వంగిపోయింది. మనుషులు ఎదురెదురుగా కూర్చోడానికి ఒక వంక కావాలి, ఆ వంక కాస్తా పోయింది. అప్పటినుంచి కలవడం తగ్గింది. అందుకే కొత్త బోర్డు నేనే చెయ్యడానికి పూనుకున్నాను.

మొదటి దశ: కొలవడం, లెక్క వెయ్యడం (జూలై)

పాత బోర్డు మీద స్టీలు స్కేలు నిలబెట్టి చూస్తే మధ్యలో 6 మి.మీ. గుంట. లోపలి వైపు 66 సెం.మీ. మాత్రమే ఉంది, అంటే పోటీ బోర్డు కంటే చిన్నది. బజార్లో ఇళ్ళకి అమ్మేవాటిలో ఇలాంటివి చాలా కనిపిస్తాయి. చిన్న బోర్డు మీద కుదిరిన చెయ్యి పెద్ద బోర్డు మీద తడబడుతుంది, అందుకని ఈసారి పోటీ కొలతలకే చేద్దామనుకున్నాను.

నేను పెట్టుకున్న కొలతలు:

1. ఆడే భాగం 74 × 74 సెం.మీ. (పోటీ నియమం 73.5 నుంచి 74 వరకు ఒప్పుకుంటుంది.)
2. ప్లైవుడ్ మందం కనీసం 8 మి.మీ. నేను 12 తీసుకున్నాను.
3. ఫ్రేము వెడల్పు 7.5 సెం.మీ., బోర్డు పైనుంచి ఎత్తు 2.2 సెం.మీ. కాబట్టి ప్లైవుడ్ ముక్క 89 × 89.
4. పాకెట్టు వ్యాసం 4.45 సెం.మీ.
5. బేస్ లైన్లు (స్ట్రైకర్ పెట్టి కొట్టే గీతలు) 47 సెం.మీ. పొడవు, ఫ్రేముకి 10.15 సెం.మీ. దూరంలో.
6. మధ్య పెద్ద వృత్తం 17 సెం.మీ. వ్యాసం.
7. చివరి పరీక్ష: 15 గ్రాముల స్ట్రైకర్ని గట్టిగా కొడితే కనీసం మూడున్నర సార్లు అటూ ఇటూ తిరగాలి.

ఈ ఏడో అంకె మీదే మొత్తం పని నడిచింది. నునుపు, చదును, ఫ్రేము గట్టిదనం, మూడూ అందులో ఒకేసారి తెలిసిపోతాయి. పాత బోర్డు మీద కొట్టి చూస్తే రెండున్నర వచ్చింది.

ఇక వేళల లెక్క. ఆదివారం మధ్యాహ్నం రెండేసి గంటలు, ఎనిమిది ఆదివారాల్లో పని అయిపోతుందని కాగితం మీద రాసుకున్నాను. జూలైలో నాలుగు ఆదివారాలు వచ్చాయి. ఒకటి గృహప్రవేశానికి పోయింది. ఒకటి పాప ప్రాజెక్టు చార్టుకి. ఒకటి అత్తయ్యని మోకాలి నొప్పికి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడానికి. నాలుగో ఆదివారం మాత్రం వేళ దొరికింది. సామాన్లు పరిచి, తీసి, ఊడ్చేసరికి రెండు గంటల్లో పని జరిగింది గంటా పది నిమిషాలే.

అక్కడ ఆపి ఆలోచించాను. పనికి సరిపడా వేళ దొరికేదాకా చూస్తే ఏళ్ళు పడుతుంది. దొరికే వేళ ఎంతుందో చూసి పనినే ముక్కలు చెయ్యాలి. అందుకని పనులన్నీ మూడు రకాలుగా విడగొట్టాను.

- చప్పుడు పని: రంపం, డ్రిల్లు, సుత్తి.
- మౌన పని: కొలవడం, గీయడం, ఉప్పు కాగితం (శాండ్ పేపరు) రుద్దడం, టేపు వెయ్యడం.
- ఎండే పని: ఫెవికాల్, సీలర్ (చెక్క సందులు మూసే పూత), పెయింటు. మనిషి ఉండాల్సింది పది నిమిషాలు, ఆ తర్వాత పని దానంతటదే జరుగుతుంది.

మూలన పడున్న పాత పోపుల డబ్బాలో మూడు గిన్నెలు పెట్టి, ఒక్కో రకానికి ఒక్కో గిన్నెలో చీటీలు వేశాను. ఒక్కో చీటీకి 25 నిమిషాలు. చీటీ కింద తప్పకుండా "ఆపే చోటు" రాసుకోవాలి, అంటే ఎవరైనా పిలిస్తే ఎక్కడ వదిలేసి లేవవచ్చో. పొద్దున పాప వ్యాన్ ఎక్కాక 7:40 నుంచి 8:05 దాకా మౌన చీటీ. ఆఫీసుకి బయల్దేరే ముందు ఎండే చీటీ. నేను పని చేసే తొమ్మిది గంటలూ సీలర్ ఎండే పని చేస్తుంది.

చీటీ లెక్క కూడా మొదట తప్పే. 25 అని రాసిన పనికి సగటున 38 నిమిషాలు పట్టింది, పరచడానికీ ఊడ్చడానికీ తేడా మొత్తం పోయింది. తర్వాత చీటీ మీద 15 నిమిషాల పనే రాశాను. అప్పుడు కుదిరింది.

చప్పుడు పనికి వేళ నా ఒక్కదాని చేతిలో లేదు. కింది ఫ్లాట్లో పసిబిడ్డ ఉన్నాడు. వెళ్ళి, "బాబు ఎప్పుడు పడుకుంటాడమ్మా?" అని అడిగాను. ఒంటిగంట నుంచి మూడు అంది. అందుకని శనివారం 10 నుంచి 12 అనుకున్నాం. మా వారు శనివారం తెల్లారి 6 నుంచి 8 షటిల్‌కి వెళ్తారు. ఆ రెండు గంటలు ఇల్లు నాది, నా రెండు గంటలు ఇల్లు ఆయనది. పాపైనా, అత్తయ్యైనా, గ్యాసు బండ అబ్బాయైనా ఆ వేళలో ఆయనే చూసుకోవాలి. ఇంకో మాట కూడా అనుకున్నాం: ఒకరు ఆ వారం మానుకున్నా రెండోవాళ్ళ గంటలు పోకూడదు. ఈ ఒప్పందం కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాను. నోటి మాటగా ఉన్న రెండు వారాలూ అది నిలబడలేదు.

ఖాతా: 4 గంటల 30 ని. మూలమట్టం, మీటరు స్టీలు స్కేలు 500 రూ. స్నేహితులతో కలిసిన ఆదివారాలు: 0.

రెండో దశ: ప్లైవుడ్, పాకెట్లు (ఆగస్టు)

ప్లైవుడ్ కొట్లోనే 89 × 89 కోయించాను. పూర్తి షీటు ఎనిమిది అడుగులు, మా మెట్ల మలుపులో తిరగదు. కొన్నప్పుడు అంచు చూసుకోండి: పొరల మధ్య నల్లటి ఖాళీలు కనిపిస్తే వద్దు, పాకెట్టు కోసేటప్పుడు సరిగ్గా అక్కడే చీలుతుంది. ఇంటికి తెచ్చాక కర్ణాలు కొలవాలి. నాలుగు వైపులూ సమానంగా ఉన్నా చతురస్రం ఒరిగి ఉండొచ్చు. ఆడే భాగం గీశాక రెండు కర్ణాలూ 104.6 సెం.మీ. దగ్గర కలిశాయి. కలవకపోతే ముందుకి పోకండి.

పాకెట్టుకి 1¾ అంగుళాల హోల్ సా (డ్రిల్లుకి తగిలించే గుండ్రటి రంపం) కొన్నాను. అది 44.45 మి.మీ., నియమంలో ఉన్న కొలతకి అచ్చంగా సరిపోతుంది. డ్రిల్లు మా వారిది ఇంట్లోనే ఉంది.

మొదటి పాకెట్టు పాడైంది. అడుగు వైపు నుంచి ఒకే ఊపున కోశాను. పళ్ళు పైకి తేలే చోట ఆడే వైపు పొర 8 మి.మీ. మేర లేచిపోయింది. రంపప్పొట్టూ ఫెవికాలూ కలిపి నింపాను కానీ మచ్చ పోలేదు. మిగతా మూడూ ఇలా కోశాను:

1. లోపలి గీతలు రెండింటికీ 22 మి.మీ. దూరంలో కేంద్రం గుర్తు పెట్టాలి. వృత్తం రెండు ఫ్రేముల అంచునీ తాకుతుంది.
2. కింద పనికిరాని చెక్క పెట్టి క్లాంపుతో బిగించాలి.
3. పైనుంచి సగం మందం దాకా కోసి ఆపాలి. మధ్య సూది ములుకు అడుగున కనిపిస్తుంది.
4. బోర్డు తిరగేసి అదే చిల్లులో సూది పెట్టి అడుగు నుంచి మిగతా సగం.
5. అంచుని ఉప్పు కాగితంతో గుండ్రం చెయ్యాలి.

పాకెట్లు ఫ్రేము అతికించకముందే కోసుకోవాలి. తర్వాతైతే డ్రిల్లు తల ఫ్రేముకి తగిలి నిటారుగా నిలబడదు.

బాల్కనీ మూడున్నర అడుగుల వెడల్పు. వాషింగ్ మెషీను, తులసి కోట, ఆరేసిన బట్టలు అన్నీ అక్కడే. రెండో శనివారం పొట్టంతా అత్తయ్య చీరల మీదా, ఆవిడ ఎండబెట్టిన గుమ్మడి వడియాల మీదా పడింది. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. ఊరికే వడియాల పళ్ళెం ఎత్తి లోపల పెట్టుకున్నారు. అది చూసి నాకు మాట పెగల్లేదు. ఆ వడియాలకి ఆవిడ పొద్దున్నుంచి కూర్చుని బూడిద గుమ్మడికాయ తురిమారు. నా ఇష్టానికి నేను వేళ దొరికించుకుంటున్నానని మురుస్తూ ఆవిడ పని నేలపాలు చేశాను. ఆ తర్వాత రెండు శనివారాలు డ్రిల్లు ముట్టలేదు.

మార్చింది ఏమిటంటే: బట్టలు ఆరేసే వేళ పొద్దున 7 నుంచి 10 అని, ఆ తర్వాత తీగ ఖాళీ అని ఆవిడతో మాట్లాడుకున్నాను. పాత దుప్పటి రెండు కొక్కేలకి తెరలా కట్టాను. పని ముందు తడిగుడ్డ పరిచి, అయ్యాక దాన్నే మడిచి తీశాను. పొట్టు ఊడిస్తే లేస్తుంది, తడిగుడ్డకైతే అంటుకుని వస్తుంది.

ఖాతా: ఈ దశ 5 గంటలు, మొత్తం 9:30. ప్లైవుడ్ 1,080, హోల్ సా 240, మొత్తం 1,820 రూ. కలిసిన ఆదివారాలు: 0.

మూడో దశ: సీలర్, వంపు (సెప్టెంబరు)

ఇందులో డబ్బు పోయింది, ప్లైవుడ్డూ పోయింది, కాబట్టి వివరంగా రాస్తాను.

120 నంబరు ఉప్పు కాగితం, తర్వాత 220, తర్వాత సాండింగ్ సీలర్. పై వైపు రెండు పూతలు వేశాను. అడుగు వైపు ఎవరికి కనిపిస్తుందని వదిలేశాను. ఆ వారం సాయంత్రాలు వాన పడింది, గోడలు కూడా చెమర్చాయి. నాలుగో రోజు స్కేలు పెడితే మధ్యలో 4 మి.మీ. గుంట.

కారణం ఇది. పూత వేసిన వైపు తేమ నెమ్మదిగా వెళ్తుంది. పూత లేని అడుగు గాలిలో తేమని పీల్చుకుని ఉబ్బుతుంది. అడుగు పొడవు పెరిగి, పైన పెరగకపోతే అంచులు పైకి లేస్తాయి. పాత బోర్డు కూడా ఇలాగే పోయింది. దాని వీపు మీద రంగు అసలు లేనే లేదని అప్పుడు తిరగేసి చూశాను.

సరిచెయ్యడానికి చేసినవి:

1. అడుగు వైపు పైకి పెట్టి ఫ్యాను కింద మూడు రోజులు: 4 నుంచి 2.5 మి.మీ.
2. నేల మీద పరిచి, నాలుగు బియ్యం సంచులు బరువు పెట్టి ఐదు రోజులు: 1.5.
3. బరువు తీసిన రెండు రోజులకి మళ్ళీ 2.

2 మి.మీ. గుంట ఉంటే నెమ్మదిగా వదిలిన కాయిన్ మధ్యకి వాలుతుంది. ఆ షీటు వదిలేశాను. దాంతోపాటు చీలిన పాకెట్టు మచ్చ కూడా పోయింది కాబట్టి కొంత ఊరట.

కొత్త షీటుకి ఒకే రోజు రెండు వైపులా, నాలుగు అంచులకీ, పాకెట్ల లోపలికీ పూత. పొద్దున పైన, సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక అడుగున. మళ్ళీ వానలొచ్చినా 0.5 దాటలేదు.

ఒక జాగ్రత్త. సీలర్, థిన్నర్ ఆవిరికి మంట తగిలితే అంటుకుంటుంది. మా తులసి దగ్గర సాయంత్రం దీపం పెడతారు, వంటింటి కిటికీ కూడా బాల్కనీలోకే. అడుగు పూత వేసిన సాయంత్రాలు దీపం దేవుడి గదిలో పెట్టమని అత్తయ్యని అడిగాను. వంట ముందే ముగించి, పొయ్యి ఆర్పాకే డబ్బా మూత తీశాను. మీ ఇంట్లోనూ ఈ రెండూ చూసుకోకుండా మొదలుపెట్టకండి.

ఖాతా: 6:30, మొత్తం 16 గంటలు. సీలర్, థిన్నర్ 620, రెండో ప్లైవుడ్ 1,080, మొత్తం 3,520 రూ. కలిసిన ఆదివారాలు: 0.

ఆ సున్నా గురించి. బోర్డు పూర్తయ్యాక ముగ్గురినీ ఒకేసారి పిలిచి ఆశ్చర్యపరచాలనుకున్నాను. అందుకే ఎవరికీ చెప్పలేదు. సెప్టెంబరు ఆఖర్లో అంబత్తూరు అక్క ఫోన్ చేసి, "మూడు నెలలైంది, నువ్వు బాగానే ఉన్నావా?" అంది. సంగతి చెప్పాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. "బోర్డు అయ్యాక పిలుస్తావా? అప్పటిదాకా మేమెక్కడ ఉండాలి?" అంది. స్నేహితుల కోసమని మొదలుపెట్టిన పని స్నేహితులకి తలుపు మూసేసిందని నాకు అప్పుడే తెలిసింది. ప్రణాళికలో నేను కోసిన తప్పు ముక్క ఏదంటే ఇదే.

నాలుగో దశ: గీతలు (అక్టోబరు మొదటి సగం)

అక్టోబరు మొదటి ఆదివారం ముగ్గురూ వచ్చారు. ఆడటానికి బోర్డు లేదు. టేపు వెయ్యడానికి బోర్డు ఉంది. టీచరు పని చేసే స్నేహితురాలి చెయ్యి స్థిరంగా ఉంటుంది, పెరంబూరు చెల్లి లెక్క తప్పదు. మూడు గంటల్లో మాస్కింగ్ టేపు మొత్తం అయింది. నేనొక్కదాన్నే చేస్తే ఏడు చీటీలు పట్టేది. ఉప్మా మాత్రం మాడింది.

ముందుగా ఫ్రేము కూర్చునే 7.5 సెం.మీ. పట్టీ నాలుగు వైపులా టేపుతో కప్పేశాం. లాకర్ (గీతల మీద చివర్లో వేసే మెరుగు పూత) మీద జిగురు సరిగ్గా పట్టదు, చెక్క మీదే పడాలి.

నల్ల పెయింటు వేసి టేపు తీస్తే గీత అంచు పీచుపీచుగా వచ్చింది. ప్లైవుడ్ నరాల వెంట పెయింటు టేపు కిందికి పాకింది. ఆ గీత గీకి తుడిచి ఇలా చేశాం:

1. టేపు వేసి గోటితో అంచు గట్టిగా నొక్కాలి.
2. టేపు అంచు మీద సీలర్ పలచగా ఒక పూత. పాకేదేదో రంగు లేని సీలరే పాకుతుంది.
3. ఎండాక నల్ల పెయింటు.
4. పూర్తిగా గట్టిపడకముందే టేపుని వాలుగా లాగాలి.

బేస్ లైనులో కింది గీత మందం, పై గీత సన్నం, రెండింటి మధ్య 3.18 సెం.మీ. చివర్ల వృత్తాలు కూడా 3.18 వ్యాసమే, లోపల ఎరుపు 2.54. ఈ 3.18 మధ్యనున్న చిన్న వృత్తానికీ వస్తుంది, కాయిన్ గరిష్ఠ వ్యాసం కూడా అదే. అది తెలిశాక నాకు బోర్డు మొత్తం ఒక కాయిన్ చుట్టూ అల్లినట్టు అనిపించింది, కొలతలు మళ్ళీ కాగితం చూడకుండానే గుర్తున్నాయి.

బాణాలు 45 డిగ్రీలు, పాకెట్టుకి 5 సెం.మీ. ముందు ఆగాలి. ఎదురెదురు పాకెట్ల కేంద్రాల మధ్య దారం కట్టి, దాని నీడనే గీశాం.

లాకర్ మొదట బ్రష్‌తో వేశాను. నల్ల గీత కరిగి తోకలా సాగింది. ఆ భాగం మళ్ళీ గీయాల్సి వచ్చింది. తర్వాత స్ప్రే డబ్బాతో మంచులా మూడు పలచటి పొరలు, ఒక్కోదానికీ మధ్య 20 నిమిషాలు. గీతలు కదలలేదు.

ఆయుధపూజ నాడు రంపం, మూలమట్టం, డ్రిల్లు అన్నిటికీ పసుపు కుంకుమ పెట్టాం. అత్తయ్యే పెట్టారు. ఆ రోజు పనిముట్టు ముట్టకూడదు కాబట్టి చీటీ తియ్యలేదు.

ఖాతా: 7:00, మొత్తం 23 గంటలు. పెయింటు, టేపు, బ్రష్ 410, లాకర్ 560, మొత్తం 4,490 రూ. కలిసిన ఆదివారాలు: 1.

ఐదో దశ: పని ఆగిన పన్నెండు రోజులు

అత్తయ్యకి జ్వరం వచ్చింది. మూడు రోజులు 102 తగ్గలేదు, ఆ తర్వాత నీరసం. పన్నెండు రోజులు బాల్కనీ వైపు వెళ్ళలేదు. నేనూ మా వారూ సెలవులు పంచుకున్నాం. ఫ్రిజ్ మీది ఒప్పందం పక్కన పెట్టాం, ఆయన షటిల్ కూడా ఆగింది.

ఇక్కడ ఒక సంగతి రాయాలి. ఇలాంటి రోజుల్లో పని ఆగినందుకు మనసు కొట్టుకుంటే ఆ పని మనల్ని తినేస్తోందని అర్థం. మొదటి రెండు రోజులు నాకు అలాగే అనిపించింది, దానికి సిగ్గుపడ్డాను. మూడో రోజు పోపుల డబ్బాకి మూత పెట్టి అటక మీద పెట్టేశాను. కంటికి కనిపించకపోయేసరికి తేలికైంది.

తొమ్మిదో రోజు ఆవిడే, "నీ బోర్డు ఏమైందమ్మాయ్? ఏదైనా ఇలా పట్రా, ఊసుపోవట్లేదు" అన్నారు. దుమ్ము, వాసన లేని పని ఒక్కటే ఉంది: కాయిన్లు. తొమ్మిది తెల్లవి, తొమ్మిది నల్లవి, ఒక ఎర్రది. ఒక్కోటి 5 నుంచి 5.5 గ్రాములు ఉండాలి. వంటింటి తూకం గ్రాము కంటే సన్నగా చూపదు, అందుకని తొమ్మిదేసి కలిపి తూచాం. తెల్లవి 47, నల్లవి 48. 45కీ 49.5కీ మధ్యే ఉన్నాయి. తర్వాత ఆవిడ మంచం మీద కూర్చుని, ఒక్కో కాయిన్నీ పళ్ళెంలో నిలబెట్టి దొర్లించారు. రెండు పక్కకి ఒరిగాయి, వాటి అంచు అరిగి ఉంది. దుకాణంలో మార్చుకున్నాం. చిన్నప్పుడు వామనగుంటలకి చింతగింజలు కూడా ఇలాగే ఏరేవాళ్ళమని చెప్పారు.

ఖాతా: 1:30, మొత్తం 24:30. కాయిన్లు 450, మొత్తం 4,940 రూ.

ఆరో దశ: ఫ్రేము (నవంబరు)

కర్ర ఎంపికలో మొదట చవక చూశాను. ప్యాకింగ్ పెట్టెల పైన్ కర్ర ఉచితంగా దొరికింది. అతికించకుండా క్లాంపుతో బిగించి స్ట్రైకర్ కొట్టి చూశాను. రెండు సార్లు తిరిగి ఆగింది. మెత్తటి కర్ర దెబ్బని మింగేస్తుంది, తిప్పి పంపదు. రెండు చోట్ల సొట్ట కూడా పడింది. ముందే అతికించి ఉంటే నెల పని పోయేది. ఈ పరీక్ష తప్పక చెయ్యండి.

తర్వాత పాత కర్రల అడితిలో ఒక గుమ్మం కమ్మీ దొరికింది. అక్కడ తమిళంలో వేంగై అంటారు, మన వేగిస. బరువైనది, రంగు తేనెలా ఉంటుంది. అక్కడే చిత్రిక పట్టించి 7.5 × 2.2 చేయించాను. అదే స్ట్రైకర్, అదే బోర్డు: మూడుంబావు.

మూలలు 45 డిగ్రీలకి మైటర్ పెట్టెలో (రంపాన్ని వాలుగా నడిపే గాడి ఉన్న పెట్టె) చేతి రంపంతో కోశాను. పెట్టె గాడి వదులుగా ఉంటే కోత అర డిగ్రీ తప్పుతుంది. రెండు ముక్కల్లోనూ అర డిగ్రీ తప్పితే 7.5 సెం.మీ. వెడల్పు ఫ్రేములో అతుకు ఒక చివర దాదాపు 2 మి.మీ. సందు పడుతుంది. నాకు అదే పడింది. గీత కంటే ఒక మిల్లీమీటరు వదిలి కోసి, మిగతాది చదునైన చెక్కకి అంటించిన ఉప్పు కాగితం మీద మూలమట్టం చూసుకుంటూ అరగదీశాను. ఒక్కో మూలకీ మూడు చీటీలు. నెమ్మదైన పని, అయినా పొద్దున్నే 7:40కి ఆ ఇరవై నిమిషాలు నాకు రోజంతా సరిపోయే నిదానాన్ని ఇచ్చాయి.

అతికించడం ఒంటరిగా చేసి చెడగొట్టాను. జిగురు తడిగా ఉన్నప్పుడు కర్ర సబ్బులా జారుతుంది. నాలుగో మూల బిగిస్తుంటే రెండో మూల 2 మి.మీ. పక్కకి పోయింది. కర్ణాలు కొలిస్తే ఒకటి 104.4, ఇంకోటి 104.9. బేస్ లైను ఒక చివర ఫ్రేముకి దగ్గరగా, ఒక చివర దూరంగా కనిపిస్తోంది. జిగురు పట్టేలోపే విప్పి, తడిగుడ్డతో అంతా తుడిచేశాను.

నాలుగు మూలలకి నలుగురు మనుషులు కావాలి. మొదటి ఆదివారం కోసం ఆగాను. అంబత్తూరు అక్క వాళ్ళాయన వర్క్‌షాపు నుంచి ఆరు క్లాంపులు తెచ్చింది.

1. ముందు జిగురు లేకుండా బిగించి, అడుగు నుంచి ఫ్రేములోకి స్క్రూలకి సన్న చిల్లులు వేసుకున్నాం. వైపుకి ఐదు.
2. విప్పి, టేపు పట్టీలు తీసి, చెక్క మీద జిగురు.
3. ఒక్కొక్కరు ఒక్కో మూల పట్టుకున్నారు. నేను "ఆపు" అనేదాకా ఎవరూ చెయ్యి తీయకూడదు.
4. ముందే వేసిన చిల్లుల్లో స్క్రూలు, ఎదురెదురు వైపుల నుంచి మార్చి మార్చి. చిల్లు ఉంది కాబట్టి కర్ర జారే దారి లేదు.
5. కర్ణాలు కొలిచాకే క్లాంపులు పూర్తి బిగింపు.

మా పాప సెకండ్లు లెక్కపెట్టింది. తొమ్మిది నిమిషాలు. కర్ణాలు 104.6, 104.65. పెరంబూరు చెల్లి ఆ రెండో అంకెని మూడుసార్లు కొలిచి గానీ ఒప్పుకోలేదు.

వీపున రెండు అడ్డ బద్దలు కూడా ఆ రోజే బిగించాం.

ఖాతా: 13:00, మొత్తం 37:30. వేగిస కర్ర, చిత్రిక కూలి 1,600, రెండు క్లాంపులు 380, జిగురు, స్క్రూలు 260, మొత్తం 7,180 రూ. కలిసిన ఆదివారాలు: 2.

ఏడో దశ: పరీక్ష (డిసెంబరు)

లాకర్ చేతికి అంటకపోతే ఎండినట్టే అనుకుని మొన్నటి గీతల చోట మళ్ళీ వేసిన పూత మీద రెండో రోజే పౌడర్ చల్లాను. పౌడర్ పూతలో దిగి గరుకైంది. స్ట్రైకర్ రెండు సార్లే తిరిగింది. పది రోజులు ముట్టకుండా వదిలేశాను. తర్వాత 400, 600 నంబర్ల కాగితాలు చెక్క దిమ్మకి చుట్టి, నీళ్ళు లేకుండా, గాలి ఊదినంత తేలిగ్గా రుద్దాను. పొడిగుడ్డతో తుడిచి, బోరిక్ పౌడర్ చిటికెడు.

నాలుగు వైపుల నుంచి, ఒక్కో వైపు ఐదుసార్లు కొట్టి రాసుకున్న సగటు:

- తలుపు వైపు: 3.7
- కిటికీ వైపు: 3.6
- గోడ వైపు: 3.6
- సోఫా వైపు: 3.4

సోఫా వైపు ఫ్రేములో ఒక ముడి ఉంది, పక్కన స్క్రూ పట్టు తక్కువ. అక్కడ ఇంకో స్క్రూ వేశాను, 3.5కి వచ్చింది.

ఈ మధ్యలో పాప బళ్ళో ఎవరో చెప్పారట, 2024 నవంబరులో అమెరికాలో జరిగిన ప్రపంచ పోటీల్లో మన ఉత్తర చెన్నై అమ్మాయి కాజిమా మూడు బంగారు పతకాలు గెలిచిందని. ఆటో నడిపే తండ్రి కూతురు. ఈ ఊరికి క్యారమ్స్ కొత్త కాదు. మరియ ఇరుదయం 1991లో, 1995లో ప్రపంచ విజేత అయ్యాడు. 1996లో అర్జున అవార్డు వచ్చిన ఈ ఆటగాడు చెన్నైవాడే. అంతర్జాతీయ క్యారమ్ సమాఖ్య 1988లో మొదలైంది కూడా ఇక్కడే. ఇవన్నీ పాపకి చెప్పాక, బోర్డు కొలతలు నియమం ప్రకారం ఎందుకు ఉండాలని నేను పట్టుబట్టానో దానికి అర్థమైంది. ఇప్పుడు బడి నుంచి వచ్చాక పదిహేను నిమిషాలు ఒక్కతే కొట్టుకుంటుంది. నేను పక్కన కూర్చుని కూర తరుగుతాను. అదీ ఒక చీటీయే, పేరు రాయలేదంతే.

మొదటి ఆదివారం ఆట నాలుగు గంటలు సాగింది. మొదటి రెండు ఆటల్లోనూ ఎవరి చెయ్యీ కుదరలేదు. పాత బోర్డు కంటే 8 సెం.మీ. ఎక్కువ దూరం, ఆ తేడా వేళ్ళకి తెలియడానికి గంట పట్టింది. అత్తయ్య కుర్చీలో కూర్చుని పాయింట్లు రాశారు.

ఇంకా సరిచెయ్యాల్సినవి:

1. తలుపు వైపు ఎడమ పాకెట్టు 4.52 సెం.మీ. కొలుస్తోంది, ఉప్పు కాగితం ఎక్కువ పట్టించాను. 0.15 దాకా తేడా ఒప్పుకుంటారు కాబట్టి వదిలేస్తున్నాను.
2. మధ్యలో గుంట 0.5 మి.మీ. వానలు ఆగాక మళ్ళీ కొలవాలి.
3. పాకెట్ల కింద వలలు ఇంకా లేవు, కాయిన్లు సోఫా కిందికి పోతున్నాయి. టీచరు స్నేహితురాలు ఊలుతో అల్లుతోంది, రెండు అయ్యాయి.
4. స్టాండు లేదు, డైనింగ్ బల్ల మీద పెట్టి ఆడుతున్నాం. అది ఎత్తెక్కువ, భుజం లేచిపోతోంది. స్టాండు 63 నుంచి 70 సెం.మీ. మధ్య ఉండాలి, మేం 66 అనుకున్నాం.

ఖాతా: ఈ దశ 4:30, మొత్తం 42 గంటలు. కాగితాలు, పౌడర్ 240, మొత్తం 7,420 రూ. కలిసిన ఆదివారాలు: 3. చీటీలు మొత్తం 96, తీసి చెయ్యకుండా వెనక్కి పెట్టినవి 31.

స్టాండు చీటీలు నిన్న రాశాను, పదకొండు వచ్చాయి. మిగిలిన వేగిస ముక్క కాళ్ళకి సరిపోతుంది. శనివారం పదింటికి కోత, అంబత్తూరు అక్క క్లాంపులతో వస్తానంది.